కిటికీ బయట షెర్రీ

మా ఊళ్ళో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు చేసే ఆస్పత్రి. ఐర్లండులో నర్సింగ్ హోమ్ అంటే వయసు మళ్ళినవాళ్ళు ఉండే ఇల్లు. ఈ తేడా మా అత్తగారికి నాలుగేళ్ళపాటు ఫోన్‌లో వివరించాను. ఇప్పటికీ ఆవిడ చుట్టాలందరికీ మా కోడలు కిల్కెన్నీలో పురుళ్ళు పోస్తోందనే చెప్పుకుంటారు. నేను ఊరి చివర ఒక హోమ్‌లో కేరర్‌ని. పెద్దవాళ్ళకి స్నానం చేయించడం, బట్టలు తొడగడం, మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి మార్చడం, సాయంత్రం ఐదింటికి షెర్రీ పోయడం నా ఉద్యోగం.

ఉద్యోగానికి తీసుకునేటప్పుడు బరువులెత్తగలవా, ఓపికుందా, కారు నడుపుతావా అని అడిగారు. షెర్రీ అంటే ఒక రకం ఘాటైన వైను, అది పోస్తావా అని ఎవరూ అడగలేదు. చేరిన రెండో రోజు ఒక ట్రాలీ నా చేతికిచ్చి, ప్రెస్‌లోంచి సీసా తీసుకో అన్నారు. ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు. అందులో దుప్పట్ల పక్కన వరసగా సీసాలు నిలబడి ఉన్నాయి. సాయంత్రం భోజనానికి ముందు, డాక్టరు సరేనన్న ఆరుగురికి తలా ఒక చిన్న గ్లాసు. ఆకలి పుడుతుందట.

నేను పదహారేళ్ళప్పుడు మా ఊరి కాలువలో నడుము లోతు నీళ్ళలో నిలబడి బాప్తీస్మం తీసుకున్నాను. గట్టు మీద నుంచి మా అమ్మ అందరికీ వినపడేలా నాతో ఒట్టు వేయించింది, మందు ముట్టనని, దాని వాసన కూడా చూడనని. మా నాన్న సారా తాగేవాడు. అంతకంటే పొడిగించను. తెలిసినవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు, తెలియనివాళ్ళు అదృష్టవంతులు.

మరి షెర్రీ పోయడం ఎలా? బైబిలంతా వెతికినా దీనికి దారి దొరకలేదు గాని నా ఊపిరితిత్తుల్లో దొరికింది. మూత తీసేముందు గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టేదాన్ని. ఆరు గ్లాసులూ పోసి, మూత బిగించి, ట్రాలీని రెండడుగులు వెనక్కి లాగాక వదిలేదాన్ని. ముట్టలేదు, వాసన చూడలేదు, జీతం మాత్రం తీసుకున్నాను. నా భక్తికి నేనే మురిసిపోయేదాన్ని.

ఆ ఆరుగురిలో కారిడార్ చివరి గదిలో ఉండే పెద్దాయన ఒకరు. కిల్కెన్నీలో నలభై ఏళ్ళు దుకాణం నడిపారు. ముందు గదిలో పప్పూ ఉప్పూ, వెనక గదిలో వైను. కుర్రతనంలో స్పెయిన్ దక్షిణాన హెరెజ్ అనే ఊళ్ళో, షెర్రీ పుట్టిన చోటే, పీపాలు దొర్లించే పనిలో మూడేళ్ళు ఉన్నారట. ఇక్కడ ఎనభై ఏళ్ళ మనిషినైనా పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక అంకుల్ అన్నాను. "నేనెవరికీ అంకుల్ని కాను" అన్నారాయన. మూడో వారానికి, నేను రాని రోజున, "నన్ను అంకుల్ అనే అమ్మాయి ఏది?" అని అడిగారని తోటి కేరర్లు చెప్పారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. నాకు మాత్రం అన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

రోజూ షెర్రీ మీద ఫిర్యాదు చేయడం ఆయనకి ప్రార్థన లాంటిది, తప్పేది కాదు. మా హోమ్‌లో ఇచ్చేది క్రీమ్ షెర్రీ అనే తియ్యటి రకం. "ఇది షెర్రీ కాదు, గ్లాసులో పోసిన పుడ్డింగ్. బ్రిటిష్‌వాళ్ళ అమ్మమ్మల కోసం పంచదార కలిపి తయారుచేశారు దీన్ని" అనేవారు, అని ఒక్క గుక్కలో తాగేసేవారు. హాల్లో ఆయన పక్క కుర్చీలో ఒక ముసలావిడ కూర్చునేది. ఆవిడకి ఏదైనా గ్రాండే, అంటే ఇక్కడి మాటలో బాగుందని. వాన గ్రాండ్, ఇంజెక్షన్ గ్రాండ్, షెర్రీ గ్రాండ్. "ఈవిడకి చెప్పుల పాలిష్ పోసిచ్చినా గ్రాండే అంటుంది" అని ఆయన, "అది కూడా గ్రాండే" అని ఆవిడ. రోజూ ఇదే నాటకం.

తర్వాత మార్చి వచ్చింది, దాంతోపాటు కరోనా. చుట్టాల్ని రావద్దన్నారు. డెబ్బై దాటినవాళ్ళు ఇల్లు కదలకూడదన్నారు. మిగతావాళ్ళు ఇంటికి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నారు. జనం గుమ్మాల్లో నిలబడి మాకోసం చప్పట్లు కొట్టారు. అంతకుముందు వారం బస్సులో నా యూనిఫామ్ చూసి సీటు మారిన ఆవిడ కూడా కొట్టింది. మాస్కులు ఇంకా సరిగా రాలేదు గాని చప్పట్లకి మాత్రం కొరత లేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇందులో వాసన లేదు. నీళ్ళు."

నాకు నవ్వొచ్చింది. "నిన్న పుడ్డింగ్ అన్నారు, ఇవాళ నీళ్ళా? రేపేమంటారు అంకుల్?"

"నిజంగా. సీసా పాడైందేమో, నువ్వు ఒకసారి చూడు."

చూడటమంటే మూత తీసి ముక్కు పెట్టాలి. నేను చూడలేదు. పక్కావిడ గ్రాండ్ అంది కదా, చాలనుకున్నాను. గోడ మీద అంటించిన కాగితంలో జ్వరం, దగ్గు, ఆయాసం అని ఉంది, వాసన మాట అప్పటికి అందులో లేదు. రోజువారీ నోట్సులో "షెర్రీ గురించి ఫిర్యాదు, మామూలే" అని రాసి ఇంటికెళ్ళి చేపల పులుసు తిన్నాను.

నాలుగో రోజు ఆయనకి జ్వరం వచ్చింది. ఆరో రోజు పక్కావిడకి. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆవిడ మా దగ్గరే పోయింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. నేను ఒక్కసారి సీసా వాసన చూసి ఉంటే, సీసా బాగానే ఉందే, మరి ఈయనకేమైందని ఆ రోజే నర్సుతో చెప్పి ఉండేదాన్ని, ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపి ఉండేవాళ్ళు. ఇది మాత్రం నేను చెప్పగలను, రోజూ నాకు నేనే చెప్పుకున్నాను కూడా. నాకేమో ఏమీ రాలేదు. మా తెలుగు చర్చివాళ్ళు ఆదివారం జూమ్‌లో నా చేత సాక్ష్యం చెప్పించారు, దేవుడు నన్నెలా కాపాడాడో. ముప్పై కుటుంబాలు మ్యూట్ తీసి మరీ ఆమెన్ అన్నాయి. నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

నెలన్నర తర్వాత ఆయన తిరిగొచ్చారు. మనిషి సగమయ్యారు. అన్నీ నయమయ్యాయి, వాసనా రుచీ మాత్రం రాలేదు. ఏం పెట్టినా రెండు చెంచాలు తిని పళ్ళెం తోసేసేవారు. "అట్టముక్క తిన్నట్టుంది. అట్టముక్క ఎంతకని తింటాను?" సోమవారం సోమవారం తూకం వేసేవాళ్ళం, ప్రతిసారీ ముల్లు కిందికే. డాక్టరు ఫోన్‌లో మా మేనేజరుతో ఉన్నమాట చెప్పేశాడు, తినకపోతే ఈ మనిషి వేసవి దాటడని. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆయన్ని బతికించే బాధ్యత ఎవరూ నాకు అప్పగించలేదు. అది నాదేనని నాకు తెలుసు.

ఆయన కూతురు గాల్వేలో ఉంటుంది. వచ్చే వీల్లేక ఒక అట్టపెట్టె పంపింది. లోపల ఐదు చిన్న సీసాలు, ఐదు రకాల షెర్రీ. ఆయన మొదటిది తీయించి, ముక్కు పెట్టారు. తర్వాత గ్లాసుని భోజనం పళ్ళెంతో సహా దూరంగా జరిపారు. కళ్ళు తుడుచుకున్నారు. అంతవరకూ ఆయన ఏడవగా నేను చూడలేదు.

"నీకు ముక్కుంది కదా. ఇందులో ఏముందో చెప్పు."

"నేను తాగను అంకుల్."

"తాగమన్నానా?"

పాస్టరుగారిని అడిగాను. ఆయన జూమ్‌లో దావీదు దగ్గర మొదలుపెట్టి, సొలొమోను మీదుగా వచ్చి, వాసన అనేది ఒక ద్వారమమ్మా అని ఏదో చెప్పబోతుండగా నలభై నిమిషాలు అయిపోయి మీటింగ్ దానంతటదే మూసుకుపోయింది. దాన్నే దేవుడి జవాబుగా తీసుకున్నాను.

ఇంకో చిక్కు. లోపల మాస్కు తీయకూడదు. మాస్కు మీద నుంచి షెర్రీ వాసన చూడటం గొడుగేసుకుని స్నానం చేయడమే. ఆయన గది కింది అంతస్తులో ఉంది, కిటికీ తోటలోకి. మేనేజరు చాలాసేపు ఆలోచించి పెద్ద మనసు చేసుకుని, నా బ్రేకులో పదిహేను నిమిషాలు ఇచ్చింది, అంటే నాదే నాకిచ్చింది. అలా జూన్ నెలలో ఒక సాయంత్రం, పేరుకి ఎండాకాలమే గాని ఎముకలు కొరికే గాలిలో, యూనిఫామ్ మీద కోటు వేసుకుని తోటలో నిలబడ్డాను. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో ఫోన్. అద్దానికి అవతల ఆయన, ఎదురుగా పళ్ళెం, బల్ల మీద స్పీకర్ పెట్టిన ఫోన్. పక్క కిటికీ దగ్గర అమ్మని చూడ్డానికొచ్చిన ఒకాయన నా వైపు చూసి, డ్యూటీలోనే మొదలెట్టిందని గొణుక్కున్నాడు.

ఒప్పందం ముందే చెప్పాను. నేను ఒక వాసన చెబితే ఆయన ఒక చెంచా తినాలి. మా పిల్లాడికి కథ చెప్పి ముద్ద పెట్టినట్టే. ఆయన మొహం మాడ్చుకుని సరే అన్నారు.

మొదటిది ఫినో. గడ్డి రంగులో ఉంది. ముక్కు దాకా తెచ్చి, అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి, సీసా వెనక రాసింది చదివేశాను. పచ్చి ఆపిల్, బాదం, సముద్రపు గాలి అని.

"అది లేబుల్. అలాంటివి నేనూ నలభై ఏళ్ళు చదివి అమ్మాను. నీ ముక్కు ఏమంటోంది?"

ఇక తప్పలేదు. పీల్చాను. మొదట వచ్చినవాడు మా నాన్నే. గుమ్మంలో నిలబడి అమ్మని పిలుస్తున్నాడు. కళ్ళు మండాయి, గ్లాసు గడ్డిలో పారబోద్దామనిపించింది. అద్దం అవతల ఆయన చెంచా పట్టుకుని చూస్తున్నారు. మళ్ళీ పీల్చాను. నాన్న పక్కకి తప్పుకున్నాక కింద ఇంకేదో ఉంది. నాకు బాగా తెలిసినదే.

"పులిసిన పిండి అంకుల్. మినప్పప్పు రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగుతుంది చూడండి, ఆ గిన్నె మూత తీసిన వాసన."

దోసెల పిండి గురించి ఆయనకి ఐదు నిమిషాలు పాఠం చెప్పాల్సి వచ్చింది. విని కళ్ళు మూసుకున్నారు. "సరిగ్గా చెప్పావు. అది ఈస్టు" అని ఒక చెంచా తిన్నారు. ఆ షెర్రీ పీపాని నిండా నింపరట, పైన ఖాళీ వదిలితే పాల మీద మీగడలాగా తెల్లటి పొర కడుతుందట. ఆ పొర గాలి తగలనివ్వకుండా కాపాడుతుంది, కాబట్టి వైను పాలిపోయి, పదునుగా ఉంటుంది. అందులో కలిపే సారాయి ఒక్క పిసరు ఎక్కువైతే పొర చచ్చిపోతుంది.

"అసలు సారాయి ఎందుకు కలపడం? వైను చాలదా?" అన్నాను, ఈ విషయంలో నాకున్న అభిప్రాయం గొంతులో దాచకుండా.

"ఓడల్లో పాడైపోకుండా. కాచడం నేర్పింది ఎవరనుకున్నావు? అరబ్బులు. హెరెజ్‌ని వందల ఏళ్ళు ఏలారు. వాళ్ళ మతంలో తాగకూడదు. అత్తర్లకీ వైద్యానికీ కాచేవారు."

అంటే తాగనివాళ్ళ చేతి చలవే ఇదంతా అన్నమాట. ట్రాలీ తోసే నాకు పూర్వీకులు దొరికారు.

అలా ఒక్కో సీసాతో నాలుగైదు రోజులు. ఆయనకి కథలు ఎక్కువ, నాకు బ్రేకు తక్కువ. ఒక ఇంగ్లీషు నౌకాధిపతి స్పెయిన్ రేవు మీద పడి వేల పీపాలు ఎత్తుకుపోతే లండన్‌కి ఈ రుచి మరిగిందట. "దొంగసొత్తుతోనే మొదలైంది వాళ్ళ మర్యాదస్తుల పానీయం" అని ఆయన ఐరిష్ నవ్వు నవ్వారు. మన గాల్వే రేవులో కూడా స్పెయిన్ ఓడలు వైను దింపి తోళ్ళు ఎక్కించుకుని పోయేవట. కూతురు ఆ ఊళ్ళోనే ఉందని గుర్తొచ్చి చెంచా కింద పెట్టేశారు. అప్పుడు నేను ఇంకో రెండు వాసనలు చెప్పి రెండు చెంచాలు అదనంగా తినిపించాను.

రెండోది అమొంతియాదో. కొన్నేళ్ళు ఆ మీగడ కింద బతికి, అది చచ్చాక గాలిలో రంగు తిరిగినది. వేయించిన వేరుశనగ కాయల పొట్టు అని చెప్పాను. మూడోది ఓలొరోసో, అసలు పొరే కట్టనివ్వకుండా మొదటి నుంచీ గాలికే పెంచినది, ముదురు గోధుమ రంగు. మా అమ్మమ్మ చెక్కపెట్టె, అందులో మరిచిపోయిన అక్రోట్లు. నాలుగోది పెద్రో హిమెనెజ్, ద్రాక్షని ఎండబెట్టి తీసినది, తారులా చిక్కగా ఉంది. బెల్లం పాకం, మాడటానికి ఒక్క నిమిషం ముందు పొయ్యి మీద నుంచి దించినది. "దించావా, మాడ్చావా?" "దించాను అంకుల్." ఆ రోజు పళ్ళెం ఖాళీ అయింది. ఇంటికెళ్తే మా వాడు నా కోటు వాసన చూసి, "మామ్, యూ స్మెల్ లైక్ ట్రైఫిల్" అన్నాడు. ట్రైఫిల్ అంటే ఇక్కడ షెర్రీలో నానబెట్టే కేకు. మా ఆయన ఏమీ అనలేదు గాని ఆ ఆదివారం నా జూమ్ కెమెరా ఆయనే ఆపేశాడు.

పీపాల వరస గురించి కూడా చెప్పారు. కింద వరసలో అన్నిటికంటే పాతది, పైన కొత్తవి. కింది పీపాలోంచి కొంచెమే తీస్తారు, ఎంత తీశారో అంత పై వరసలోంచి నింపుతారు, దాన్ని ఆ పై దాంట్లోంచి. ఏ పీపా ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. అందుకే ఏ సీసాలోనైనా తాతలనాటి చుక్క ఉంటుంది. "ఇందులో వింతేముంది? మా పెరుగు కూడా అంతే" అన్నాను. డబ్లిన్ పక్కన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న తోడు, నిన్నటి పెరుగుతో ఇవాళ్టిది, ఆరేళ్ళుగా. ఆయన ఎంతో సంబరపడి, ఆ రోజు ఫోన్‌లో కూతురితో, ఇండియా అమ్మాయి ఫ్రిజ్జులో షెర్రీ కొట్టు ఉందని చెప్పారు.

రెండు సోమవారాలు ముల్లు కిందికి పోలేదు. మూడో సోమవారం కొంచెం పైకి కదిలింది. మేనేజరు కొత్త సూప్ పనిచేస్తోందని నోట్సులో రాసింది.

చివరి సీసా పాలో కోర్తాదో. ఇది కావాలని చేస్తే రాదట. ఫినో కోసం పెట్టిన పీపా మీద సుద్దతో ఒక గీత గీస్తారు. నెలలు గడిచాక కొట్టు పెద్ద ఒక్కో పీపా తెరిచి ముక్కు పెట్టి చూస్తాడు. ఎక్కడో ఒక పీపా ఎవరికీ చెప్పకుండా దారి మార్చుకుని ఉంటుంది. అప్పుడు ఆ గీతని అడ్డంగా కొట్టేస్తాడు.

"పీపాలో లోపమేం లేదు. మనిషి చేయాల్సింది ఒక్కటే, ముక్కు పెట్టి చూడటం. చూడకపోతే ఎవరికీ తెలియదు."

ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ముక్కు పెట్టని ఆ సీసా గుర్తొచ్చింది. ఫోన్ గట్టిగా చెవికి పెట్టుకుని చెప్పేశాను. ఆ రోజు మీరు వాసన లేదన్నారు, సీసా చూడమన్నారు, నేను చూడలేదు. మామూలే అని రాశాను. నవ్వాను కూడా. నేను చూసి ఉంటే ఆవిడ పక్కన మిమ్మల్ని ఇంకో మూడు రోజులు కూర్చోబెట్టేవాళ్ళం కాదు. ఏడుస్తూ చెప్పాను. ముక్కు చీదుకోవడానికి జేబులో మాస్కు తప్ప ఏమీ లేదు.

ఆయన తోట వైపు చూశారు. ఆవిడ కుర్చీ హాల్లోనే ఉండిపోయింది, అయినా ఒకసారి తన పక్కకి చూశారు.

"తెలుసు. నువ్వెప్పుడూ వాసన చూడలేదు."

"తెలుసా?"

"నువ్వు ట్రాలీ పట్టిన మొదటి రోజు నుంచీ. మూత తీసేముందు బుగ్గలు పూరిస్తావు. ఆరు గ్లాసులూ ఒక్క ఊపిరిలో పోస్తావు. మేమిద్దరం రోజూ చూసేవాళ్ళం. ఐదో గ్లాసు దగ్గర పడిపోతుందని నేను, పడిపోదని ఆవిడ. రోజూ ఆవిడే గెలిచేది." చెంచా చేతిలోకి తీసుకున్నారు. "నీకు ఏదో కష్టం ఉందనుకున్నాం. అడగకూడదంది ఆవిడ."

వాళ్ళిద్దరి ముందూ నెలల తరబడి నా భక్తిని ఎంత బాగా దాచుకున్నానో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"భోజనం చల్లారిపోతోంది. ఊపిరి తీసుకో అమ్మాయ్" అన్నారు.

అద్దానికి అవతల ఆయన చెంచా నింపుకుని, నోరు సగం తెరిచి, నా ముక్కు వైపే చూస్తూ ఉన్నారు. నేను ఊపిరి తీసుకున్నాను.